బోల్తా పడే పడవకు రెండో చర్మం: బ్రష్‌తో పూసే సిలికాన్ కన్ఫార్మల్ కోటింగ్ గురించి రెండేళ్ల వాడకం తరువాత

ఆర్‌సీ (రేడియో రిమోట్‌తో నడిపే) పడవ నీటిలో తిరగబడినప్పుడు పాడయ్యే పరికరాలలో చాలా వాటికి ఆ రోజున ఏమీ కాదు. నా మొదటి వేగపు పడవ మలుపులో అల తగిలి బోల్తా పడినప్పుడు, దాన్ని ఒడ్డుకు చేర్చి, హ్యాచ్ మూత తీసి, లోపలి నీటిని ఒంపి, రిసీవర్‌ను (రిమోట్ సంకేతాలను అందుకునే పరికరాన్ని) గుడ్డతో తుడిచి మళ్లీ బ్యాటరీ కలిపితే అన్నీ మామూలుగానే పనిచేశాయి. ప్రమాదం తప్పిందనుకుని ఆ సాయంత్రం ఇంకొక బ్యాటరీ అయిపోయేదాకా నడిపాను. పది రోజుల తరువాత, నీటి మీద పడవ బాగా దూరంలో ఉండగా, చుక్కాని తనంతట తానే ఒక పక్కకు కొట్టుకోవడం మొదలై, కాసేపటికి పడవ పూర్తిగా మాట వినడం మానేసింది. ఇంటికి తెచ్చి రిసీవర్ పెట్టె విప్పి చూస్తే ధన పిన్నుల మొదట్లో ఆకుపచ్చని పొడి పేరుకుని ఉంది; ఒక సన్నని రాగి దారి సగం మేర కరిగిపోయి ఉంది. నీళ్లు వెళ్లిపోయాయని నేను అనుకున్న ఆ పది రోజులూ అవి తమ పని తాము చేస్తూనే ఉన్నాయన్నమాట.

ఆ రిసీవర్ పోయిన తరువాత కొన్నదే ఈ సమీక్షకు విషయమైన సీసా. మూతకే చిన్న బ్రష్ అమర్చి ఉండే, అతినీల (అల్ట్రావయొలెట్) కాంతిలో నీలంగా మెరిసే సిలికాన్ కన్ఫార్మల్ కోటింగ్ అది; అంటే సర్క్యూట్ బోర్డుకు అంటిపెట్టుకుని దాన్ని కాపాడే పలుచని పూత. ఇలాంటి ద్రవాన్ని తయారుచేసే కంపెనీలు చాలా ఉన్నాయి. నేను ఒక కంపెనీ గురించి కాక ఈ రకం పూత గురించే చెబుతున్నాను. రెండేళ్లుగా దీన్ని మూడు పడవలలో వాడాను: బ్రష్‌లెస్ మోటారుతో నడిచే వేగపు పడవ, బ్రష్డ్ మోటారుతో (లోపల రాసుకునే స్పర్శలు ఉన్న మోటారుతో) నెమ్మదిగా కదిలే టగ్ (ఓడలను లాగే పడవ) నమూనా, రెండు సర్వోల (చుక్కాని వంటివాటిని తిప్పే చిన్న యంత్రాల) తెరచాప పడవ. నా తీర్పు ముందే చెబుతాను. బోర్డును కాపాడే పనిలో ఇది నేను వాడిన వాటన్నిటిలోకీ ఉత్తమమైనది. కాని బోర్డు తప్ప మరి దేన్నీ ఇది కాపాడదు, పూసేవారు శుభ్రత పాటించకపోతే బోర్డును కూడా కాపాడదు.

నీరు అసలు ఏం చేస్తుందో తెలిస్తే ఈ పూత నుంచి ఏం ఆశించాలో తెలుస్తుంది. శుద్ధమైన నీరు విద్యుత్తును చాలా తక్కువగా ప్రవహింపజేస్తుంది; హాని చేసేది అందులో కరిగిన లవణాలు. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి కనుక, అది సాధారణ మంచినీటి చెరువు కంటే వంద రెట్లకు పైగా సులువుగా విద్యుత్తును మోస్తుంది. నీటిని విద్యుద్విశ్లేషణతో విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు, మన రిసీవర్‌కు అందేది 5 లేదా 6 వోల్టులు. అందుచేత పక్కపక్కనే ఉన్న రెండు పిన్నుల మధ్య ఒక్క నీటి బొట్టు నిలిచినా, ధన పిన్ను వైపు లోహం అయాన్లుగా కరుగుతుంది. ఆ అయాన్లు ఋణ పిన్నును చేరి అక్కడ మళ్లీ లోహంగా పేరుకుని, చెట్టు కొమ్మల ఆకారంలో సన్నని దారాలుగా వెనక్కి పెరుగుతాయి. ఆ దారం అవతలి పిన్నును తాకిన క్షణాన షార్ట్ సర్క్యూట్ అవుతుంది. బ్యాటరీ కలిపి ఉన్నంతసేపే ఇది వేగంగా సాగుతుంది. బోల్తా పడిన పడవను అందుకోగానే చేయవలసిన మొదటి పని తుడవడం కాదు, బ్యాటరీ తీయడం. నేను ఆ రోజు చేసిన తప్పు, తడి పూర్తిగా ఆరకముందే బ్యాటరీ మళ్లీ కలపడం.

రేడియోతో నడిచిన తొలి యంత్రాల్లో పడవకే ప్రసిద్ధి ఎక్కువ. నికోలా టెస్లా 1898లో న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తన చిన్న పడవను నీటి తొట్టిలో నడిపి చూపించారు, అదే ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు పొందారు. ఆ పడవలోనూ బ్యాటరీ, రిసీవర్, చుక్కానిని తిప్పే యంత్రం ఒకే పొట్టలో నీటికి అంగుళాల దూరంలో ఉన్నాయి. మన సమస్య ఈ అభిరుచి అంత పాతది.

కన్ఫార్మల్ పూతలలో ప్రధానంగా అయిదు రకాలు ఉన్నాయి: అక్రిలిక్, యురేథేన్, సిలికాన్, ఎపాక్సీ, ప్యారిలీన్. చివరిది శూన్యపు గదిలో ఆవిరి రూపంలో పట్టించేది కనుక ఇంటి పనికి రాదు. అక్రిలిక్ త్వరగా ఆరుతుంది, ద్రావకంతో సులువుగా తొలగిపోతుంది. ఆ సులువే నాకు దానిపై అనుమానం కలిగించింది, ఎందుకంటే ఇంధనం, నూనె తుడిచే ద్రవాలు పడవ పొట్టలో ఎప్పుడూ ఉంటాయి. యురేథేన్, ఎపాక్సీ గట్టిపడిన తరువాత మరమ్మతుకు లొంగవు. సిలికాన్ పూత ఆరిన తరువాత కూడా రబ్బరులా మెత్తగా ఉండి, వేడికీ కంపనానికీ తట్టుకుంటుంది. వేగపు పడవ నీటి మీద ఎగిరి పడుతూ వెళ్తుంది కనుక, పెళుసు పూత కంటే సాగే పూత మేలని నేను దీన్ని ఎంచుకున్నాను. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ప్రమాణాలు సిలికాన్ పూతకు సూచించే మందం 0.05 నుంచి 0.21 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే రెండు పలుచని పొరలు చాలు. పెరుగు తోడుకున్నట్టు దట్టంగా పోస్తే ఎక్కువ రక్షణ వస్తుందనుకోవడం పొరపాటు.

ఈ పూత గురించి చాలామందికి తెలియని ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. సిలికాన్ నీటి చుక్కను ఆపుతుంది కాని నీటి ఆవిరిని ఆపదు; ఇతర పూతల కంటే ఎక్కువగానే లోపలికి పోనిస్తుంది. అయినా అది ఎలా కాపాడుతుందంటే, పూత బోర్డు ఉపరితలానికి సందు లేకుండా అతుక్కుని ఉన్నచోట, లోపలికి వచ్చిన ఆవిరికి నీటి పొరగా కూడుకునే స్థలమే దొరకదు. నీటి పొర లేనిదే అయాన్లు కదలవు. కాబట్టి ఇక్కడ కాపలా కాసేది పూత మందం కాదు, దాని అంటుకునే గుణం. బోర్డు మీద వేలిముద్ర జిడ్డు గాని, టంకం వేసినప్పుడు మిగిలిన ఫ్లక్స్ గాని ఉంటే, పూత ఆ చోట అతుక్కోదు. కింద బుడగలాంటి ఖాళీ మిగులుతుంది. ఫ్లక్స్‌లోని లవణాలు ఆవిరిని లాక్కుని అక్కడే చిన్న మడుగు కడతాయి. అప్పుడు పూత కాపాడకపోగా, ఆ తడిని ఆరనివ్వకుండా దాచిపెడుతుంది.

అందుకే ఈ పనిలో నాకు పట్టే సమయంలో ముప్పాతిక వంతు శుభ్రతకే పోతుంది. రిసీవర్ పెట్టెను విప్పి, బోర్డును బయటికి తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని టూత్‌బ్రష్‌తో రెండు వైపులా రుద్ది, మురికి ద్రవం బోర్డు మీదే ఆరిపోకముందే తాజా ఆల్కహాల్‌తో కడిగి, కనీసం ఒక రాత్రి పొడి గాలిలో ఉంచుతాను. ఈ ఆల్కహాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కనుక, దగ్గరలో నిప్పు గాని టంకం కర్ర గాని ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. ఆ తరువాత బోర్డును అంచులతో తప్ప పట్టుకోను. మొదటిసారి ఈ శ్రమ అంతా అనవసరమనిపించి, పైపైన తుడిచి పూశాను; మూడు నెలలకు ఆ బోర్డు మూలలో పూత పొక్కులా లేచింది. గోటితో లాగితే తోలులా ఊడి వచ్చింది. ఆ లోపం పూతది కాదు, నాది.

పూయడానికి ముందు దాచవలసినవి దాచాలి. రిసీవర్‌లో పిన్నుల పొడవు, బైండ్ బటన్ (రిమోట్‌తో జత కలిపేది), యాంటెన్నా తీగ కొన, ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరంలో) ప్రోగ్రామింగ్ సాకెట్, పవర్ స్విచ్ వంటివాటి మీద పూత పడకూడదు. పిన్నుల మీద పాత సర్వో ప్లగ్గు ఒకటి తొడిగి ఉంచితే అదే చక్కని తొడుగుగా పనిచేస్తుంది. యాంటెన్నా విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం: 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్‌లో అసలు తరంగాన్ని పట్టేది తీగ చివర సుమారు 31 మిల్లీమీటర్ల భాగం మాత్రమే. ఆ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది కనుక ఆ కొన ఎప్పుడూ నీటి మట్టానికి పైన, నిలువుగా, పొడిగా ఉండాలి. దాని మీద దట్టమైన పూత వేయడం వల్ల మేలు లేదు. యాంటెన్నా తీగ బోర్డును కలిసే టంకం చుక్క మీద మాత్రం తప్పక పూస్తాను, ఎందుకంటే తుప్పు పట్టిన ఆ చుక్కే దూరం తగ్గడానికి కారణమైన సందర్భాలు నాకు రెండు ఎదురయ్యాయి.

బ్రష్ గురించి ఒక మాట. మూతకు అమర్చిన బ్రష్ పెద్ద బోర్డుకు సరిపోతుంది కాని, బొటనవేలి గోరంత రిసీవర్‌కు మోటుగా ఉంటుంది. నేను సన్నని పెయింటింగ్ బ్రష్ వేరుగా పెట్టుకున్నాను. ఒక దిక్కున పొర వేసి, అది చేతికి అంటుకోని స్థితికి వచ్చాక అడ్డంగా రెండో పొర వేస్తాను. చిప్పుల కాళ్లకు వెనుక నీడలా ఉండే సందుల్లోకి బ్రష్ పోదు. బోర్డును పక్కకు వంచితే ద్రవం తనంతట తానే కాళ్ల మధ్యకు పాకుతుంది. ఇరవై నాలుగు గంటలు ఆరనిచ్చిన తరువాత చీకటి గదిలో 365 నానోమీటర్ల అతినీల టార్చితో చూస్తాను. ఈ ద్రవం కొనేటప్పుడు నేను పట్టుబట్టి అడిగే ఒకే ఒక గుణం ఆ కాంతిలో మెరవడమే. మామూలు వెలుగులో నిండుగా కనిపించిన బోర్డు, ఆ టార్చి కింద చూస్తే, కెపాసిటర్ల పక్కన, పిన్నుల మొదట్లో, అంచుల్లో నల్లని మచ్చలతో నిండి ఉంటుంది. అవే నీరు వెతుక్కుంటూ వచ్చే చోట్లు. పదునైన అంచుల దగ్గర ద్రవం పక్కకు జారి పూత పలుచబడటం దీని సహజ లక్షణం కనుక, అక్కడ మూడో పొర తప్పనిసరి. మెరుపు లేని ద్రవాన్ని చౌకగా ఇచ్చినా తీసుకోవద్దని నా సలహా.

ఈఎస్‌సీ పని రిసీవర్ కంటే కష్టం, ప్రమాదం కూడా ఎక్కువ. దానిలో బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటు అంతా మాస్‌ఫెట్లనే చిన్న స్విచ్చుల గుండా పోతుంది. అవి వేడెక్కి, ఆ వేడిని చల్లటి నీరు పారే లోహపు పలకకు ఇస్తాయి. ఆ పలకకు, మాస్‌ఫెట్లకు మధ్య ఒక చుక్క పూత పోయినా వేడి దారి మూసుకుంటుంది. కనుక పైన చుట్టిన ప్లాస్టిక్ తొడుగును కోసి తీసినా, పలకను మాత్రం విప్పకుండా, దాని అంచుల చుట్టూ బ్రష్ తిప్పడమే నా పద్ధతి. గుండ్రని కెపాసిటర్ల పైకప్పు మీద అడ్డగీతలు కొట్టి ఉంటాయి. లోపల పీడనం పెరిగినప్పుడు తెరుచుకునే ద్వారం అది. దాన్ని కప్పకూడదు. కాళ్ల వైపు మాత్రం నిండుగా పూయాలి. పూత వేసిన తరువాత వేడి పెరుగుతుందేమోనన్న భయంతో, పరుగు ముగిసిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పలకను చాలాసార్లు కొలిచాను. ముందు వెనుకల తేడా రెండు మూడు డిగ్రీలు దాటలేదు. పెట్టె విప్పితే వారంటీ వర్తించకపోవచ్చునని గుర్తుంచుకోవాలి. ‘వాటర్‌ప్రూఫ్’ అని ముద్రించి, లోపల రెసిన్ పోసి నింపిన ఈఎస్‌సీలను నేను విప్పను, దానికి అవసరమూ లేదు. అయితే ఆ మాట పక్కన ఐపీ67 అని ఉంటే దాని అర్థం తెలిసి ఉండాలి: ఒక మీటరు లోతు మంచినీటిలో అరగంట కదలకుండా ఉంచితే హాని జరగలేదని. ఉప్పునీరు, వేడెక్కి చల్లబడే సీళ్లు, ఏడాది పాటు కంపనం ఆ పరీక్షలో లేవు.

మాటల మీద ఆధారపడకూడదని ఒక చిన్న పరీక్ష చేశాను. ఒకే రకం పాత రిసీవర్లు రెండు తీసుకుని, ఒకదానికి పైన చెప్పినట్టు పూత వేసి, రెండోదాన్ని అలాగే ఉంచాను. యాంటెన్నా కొన గ్లాసు బయట ఉండేలా చూసి, ఒక్కొక్కదానికి సర్వో కలిపి, 5 వోల్టులు ఇచ్చి, మామూలు కుళాయి నీటిలో ముంచాను. పూత లేనిదాని సర్వో రెండో నిమిషంలో వణకడం మొదలుపెట్టింది, ఆరో నిమిషంలో దీపం ఆరిపోయింది. పూత ఉన్నది గంట సేపు స్థిరంగా పనిచేసింది. ఆ తరువాత లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపి, పూత ఉన్నదాన్ని అందులో ముంచాను. అక్కడ నాకు అసలు పాఠం దొరికింది. పిన్నుల దగ్గర వెంటనే బుడగలు లేచాయి. ఇరవై నిమిషాలకు సర్వో ఆగిపోయింది. బయటికి తీసి చూస్తే ధన పిన్నులు నల్లబడి సగం తినేసినట్టు ఉన్నాయి. కాని బోర్డును కడిగి, ఆరబెట్టి, పిన్నుల వెనుక పూతను గీకి అక్కడ నేరుగా తీగలు అతికిస్తే, దీపం వెలిగింది, సర్వో కదిలింది. పూత తన పని పూర్తిగా చేసింది. పోయింది దాని పరిధిలో లేని పిన్నులే. ఈ పరీక్షను ఎవరైనా చేయదలిస్తే గాలి బాగా ఆడే చోట చేయాలి, ఉప్పునీటి విద్యుద్విశ్లేషణలో క్లోరిన్ కూడా పుట్టవచ్చు.

కాబట్టి ఈ సీసాకు జోడీ లేకుండా పని పూర్తి కాదు. ఆ జోడీ సిలికాన్ డైఎలెక్ట్రిక్ (విద్యుత్తును పారనివ్వని) గ్రీజు. సర్వో ప్లగ్గు రంధ్రాలలో కొద్దిగా కూరి, తరువాత పిన్నులకు తొడిగితే, లోహం లోహాన్ని తాకే చోట గ్రీజు పక్కకు తొలగి, చుట్టూ ఉన్న ఖాళీని నింపుతుంది. నీటికి నిలవడానికి చోటు ఉండదు. బ్యాటరీ బ్యాలెన్స్ కనెక్టర్ (ఒక్కో సెల్‌ను విడిగా చార్జరుకు కలిపే ప్లగ్గు) మీద కూడా ఇది తప్పనిసరి, ఎందుకంటే అక్కడ పక్కపక్క పిన్నుల మధ్య ఎప్పుడూ ఒక సెల్ వోల్టేజి, అంటే నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, స్విచ్ ఆపినా ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం పాటించాలి: సిలికాన్ గ్రీజు సిలికాన్ రబ్బరును ఉబ్బిస్తుంది. చుక్కాని కడ్డీ బయటికి వచ్చేచోట ఉండే మడతల తొడుగు సిలికాన్‌తో చేసినదైతే దానికి ఈ గ్రీజు తగలనివ్వకూడదు.

ఇంకొక దారి తీగ లోపల ఉంటుంది. సర్వో తీగలోని సన్నని రాగి పోగుల మధ్య నీరు దీపపు వత్తిలో నూనెలా పాకుతుంది. ఒక చివర తడిస్తే, ప్లాస్టిక్ పొర బయట పొడిగా కనిపిస్తూనే, రెండో చివర బోర్డు దాకా చేరుతుంది. తొడుగు ఒలిచిన తీగ నల్లగా ఉండి టంకం పట్టకపోతే ఇదే కారణం. బోర్డు దగ్గర తీగ మొదట్లో పూతను తొడుగు మీదికి కొంత దూరం పాకించి, రిసీవర్‌లోకి వెళ్లే ముందు ప్రతి తీగను కిందికి ఒక వంపు తిప్పడం అలవాటు చేసుకున్నాను. తీగ వెంట జారే చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది.

సర్వో విషయంలో ఈ పూతను నేను సిఫారసు చేయను. ఒకసారి ప్రయత్నించాను. సర్వో అడుగున ఉండే చిన్న బోర్డుకు పూస్తుండగా ద్రవం పొటెన్షియోమీటరులోకి (సర్వో ఎంత తిరిగిందో కొలిచే భాగంలోకి) జారింది. ఆరిన తరువాత సర్వో మధ్య స్థానం దొరకక వణుకుతూ ఉండిపోయింది. సర్వో అంటే కదిలే స్పర్శలు ఉన్న యంత్రం, దానికి తగినది గ్రీజు, ఓ-రింగు, లేదా మొదటే సీలు వేసి వచ్చే సర్వో. అదే కారణాన బ్రష్డ్ మోటారుకు, స్విచ్చుల స్పర్శలకు సిలికాన్ ఆవిరి కూడా తగలకూడదు. నిప్పురవ్వలు పుట్టే చోట సిలికాన్ ఆవిరి ఇసుక లాంటి విద్యుద్బంధక పొరగా మారి స్పర్శను చెడగొడుతుంది. టగ్ పడవ బోర్డులకు పూత వేసినప్పుడు వాటిని పడవ నుంచి బయటికి తీసి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి అమర్చాను. బ్రష్‌లెస్ మోటారుకు నీటి భయం తక్కువ. దాని బేరింగులకు మాత్రం పరుగు తరువాత నూనె చుక్క వేయాలి.

దీనికి బదులుగా చెప్పే ఉపాయాలలో కొన్నిటిని వాడి చూశాను. రిసీవర్‌ను బెలూనులో పెట్టి మూతి బిగించడం అన్నిటికంటే పాతది. ఒక్క పూటకు పనికొస్తుంది. తరువాత తీగల వెంట పాకిన తడి బయటికి పోయే దారి లేక అక్కడే ఉడుకుతుంది, రబ్బరు కూడా కొద్ది నెలల్లో పెళుసవుతుంది. తుప్పు నిరోధక నూనె చల్లడం తేలిక, కనెక్టర్లలోకి కూడా పోతుంది, కాని అది కొట్టుకుపోతుంది కనుక మళ్లీ మళ్లీ చల్లాలి. ఎపాక్సీ పోసి రాయిలా చేయడం గట్టి రక్షణే, ఆ బోర్డును మాత్రం ఇక ఎవరూ బాగుచేయలేరు. ద్రవ రూపపు ఇన్సులేషన్ టేపు టంకం అతుకుల మీద బాగుంటుంది, చిప్పుల కాళ్ల మధ్యకు మాత్రం పోదు. గట్టిగా హెచ్చరించవలసింది ఒకదాని గురించే: స్నానాల గదులలో అంచులకు వేసే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంటును బోర్డు మీద ఎన్నడూ వాడకూడదు. ఆ వాసన గట్టిపడేటప్పుడు విడుదలయ్యే ఎసిటిక్ ఆమ్లానిది. అది రాగిని తినేస్తుంది. సిలికాన్ అన్న పేరు ఒకటే కావడంతో రెండూ ఒకటేనని నమ్మి పాడుచేసుకున్న బోర్డులను నేను చూశాను.

పూత వేసిన ధైర్యంతో పడవ పొట్టను నిర్లక్ష్యం చేయడం కూడా తగదు. నీరు ఎక్కువగా వచ్చేది ఫ్లెక్స్ షాఫ్ట్ (మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు వెళ్లే వంగే కడ్డీ) తిరిగే స్టఫింగ్ ట్యూబు అనే గొట్టం నుంచి, చుక్కాని కడ్డీ రంధ్రం నుంచి, వదులైన చల్లటి నీటి గొట్టం నుంచి, అంచులు సరిగా అతకని హ్యాచ్ టేపు నుంచి. ఇవన్నీ సరిచేసినా ఇంకొక దారి మిగులుతుంది. వెచ్చని గాలిని లోపల బంధించి మూత బిగించి, చల్లటి నీటిపై పడవను దించితే, ఆ గాలిలోని తేమే పొట్ట గోడలపై చుక్కలుగా దిగుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటి నీటిని ఆపే సీలు ఏదీ ఈ తేమను ఆపలేదు. రబ్బరు సీలున్న రిసీవర్ పెట్టె వాడేవారికి ఈ పూత ఎందుకు అవసరమంటే కారణం ఇదే. పరుగు ముగియగానే పెట్టె మూత, హ్యాచ్ మూత రెండూ తెరిచి ఒక రోజు ఉంచడం, దూరప్రయాణంలో సిలికా జెల్ సంచి లోపల పెట్టడం నేను మానలేదు.

సముద్రపు నీటిలో తడిస్తే మాత్రం ఆరబెట్టడం ఒక్కటే చాలదు. నీరు ఆవిరై పోయినా ఉప్పు మిగిలి, మళ్లీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్యాటరీ తీసేసి, పరికరాలను ముందు మంచినీటితో, ఆపై డిస్టిల్డ్ నీటితో, చివర ఆల్కహాల్‌తో కడగాలి. పూత ఉన్న బోర్డును ఇలా భయం లేకుండా కడగగలగడం ఈ ద్రవం ఇచ్చిన పెద్ద వెసులుబాటు. ఆల్కహాల్‌లో ఎక్కువసేపు నానబెట్టకుండా చూస్తే చాలు. తడిసిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వేరే కథ. దాన్ని పడవ నుంచి తీసి, మంటలు అంటుకోని చోట ఆరుబయట ఉంచి, ఉబ్బుతోందేమో గమనించాలి. ఏ పూతా దానికి రక్షణ కాదు.

రెండేళ్ల తరువాత లెక్క ఇది. ఆరు బోర్డులకు పూత వేశాను. వేగపు పడవ ఈ కాలంలో లెక్కలేనన్నిసార్లు తిరగబడింది, రెండుసార్లు పొట్ట నిండా నీటితో తేలింది. దాని రిసీవర్, ఈఎస్‌సీ రెండూ నేటికీ పనిచేస్తున్నాయి. ఆరింటిలో చెడింది శుభ్రం చేయకుండా పూసిన ఆ మొదటిదొక్కటే. తెరచాప పడవలో ఒక టంకం అతుకు వదిలినప్పుడు, ఆ చోట పూతను కొయ్య పుల్లతో గీకి తీసి, అతికి, శుభ్రం చేసి, మళ్లీ పూశాను. కొత్త పొర పాతదానితో చక్కగా కలిసింది. ఆరు నెలలకొకసారి అతినీల టార్చితో చూస్తాను. తీగలు వంగే చోట, స్క్రూల చుట్టూ పూత సన్నగా చీలడం కనిపించింది, చిప్పుల మీద ఎక్కడా లేదు.

లోపాలు లేకపోలేదు. వాసన ఘాటుగా ఉంటుంది, ఆరేదాకా గదిలో కూర్చోలేము. పక్కనే పడవ పొట్టకు రంగు వేసే పని ఉంటే దీన్ని అక్కడికి చేరనివ్వకూడదు, సిలికాన్ అంటిన చోట రంగు పట్టక చేప కళ్లలా గుంటలు పడతాయి; నా టగ్ పడవ పైకప్పు మీద అలాంటివి నాలుగు ఉన్నాయి. నీటి పైన ఎప్పుడూ తిరగబడని నెమ్మది పడవను మంచినీటిలో మాత్రమే నడిపేవారికి గ్రీజు, మంచి రిసీవర్ పెట్టె సరిపోతాయి, ఇంత శ్రమ అవసరం లేదు. వేగపు పడవ గాని, ఉప్పునీటి పడవ గాని ఉన్నవారు మాత్రం కొత్త రిసీవర్‌ను పొట్టలో అమర్చకముందే ఈ పని పూర్తి చేసుకోవాలి. ఒకసారి తడిసిన బోర్డును పూర్తిగా శుభ్రం చేయడం కొత్తదాన్ని శుభ్రం చేయడం కంటే ఎన్నో రెట్లు కష్టం. కొనేటప్పుడు ఉన్నవాటిలో అతి చిన్న సీసాను ఎంచుకోవాలి. నా ఆరు బోర్డులకు సీసాలో పావు వంతు కూడా ఖర్చు కాలేదు, మూత మరలలో మిగిలిన ద్రవాన్ని తుడవకుండా బిగించడం వల్ల గాలి చొరబడి, మిగిలినదంతా రెండో ఏడాది చివరికి సీసాలోనే జెల్లీలా గట్టిపడింది.